మ్యాచ్ ముందు టెన్షన్: విశాఖ ఆటగాళ్లు, అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలక్షన్స్ సీజన్ వచ్చిందంటే గ్రౌండ్‌లో నన్ను అడిగే ప్రశ్నలు మారిపోతాయి. అప్పటిదాకా బ్యాక్‌లిఫ్ట్ గురించి, బూట్ల గురించి అడిగినవాళ్లే గుండె దడ గురించి, నిద్ర పట్టకపోవడం గురించి అడుగుతారు, అదీ పక్కకి పిలిచి, ఇంకెవరూ వినకుండా. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను సైకాలజిస్టుని కాదు, పిల్లలకి ఆట నేర్పే మనిషిని. డాక్టర్ చూడాల్సిన విషయం ఎక్కడ మొదలవుతుందో చివర్లో చెప్పాను.

మ్యాచ్ రోజు పొద్దున్నుంచే కడుపులో తిప్పుతుంది, చేతులు చల్లబడతాయి, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెడతాను. నాలో ఏదైనా లోపం ఉందా?

లేదు. ముందు గట్టి పని ఉందని మెదడుకి తెలియగానే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కడుపుకి, చర్మానికి తగ్గి పెద్ద కండరాలకి ఎక్కువగా వెళ్తుంది. కడుపులో తిప్పడం, వేళ్లు చల్లబడడం, నోరు ఎండిపోవడం, అన్నీ అందుకే. కొందరికి ఆవలింతలు కూడా వస్తాయి. అది చూసి "నిద్రమొహం వేసుకుని వచ్చావేంట్రా" అని తిట్టే కోచ్‌లు ఉన్నారు, పాపం ఆ పిల్లాడు భయంతో ఆవలిస్తున్నాడని వాళ్లకి తెలీదు.

చల్లబడిన వేళ్లతో స్పిన్నర్‌కి బంతి పట్టు తప్పుతుంది, షటిల్ ఆడేవాళ్లకి నెట్ దగ్గర టచ్ పోతుంది. అరచేతులు బాగా రుద్దుకోండి, వార్మప్ ఇంకో ఐదు నిమిషాలు పెంచండి. బాత్రూమ్ సంగతంటారా, గ్రౌండ్‌కి తొందరగా చేరుకుని అది ఎక్కడుందో, తాళం వేసి ఉందో తీసి ఉందో ముందే చూసుకోండి. నవ్వకండి, మన గ్రౌండ్లలో ఇదీ ప్రిపరేషన్ కిందికే వస్తుంది.

అసలు టెన్షనే లేకుండా చేసుకునే మార్గం ఉందా?

లేదు, ఉన్నా మీకు పనికిరాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చిన మాట ఇప్పటికీ క్రీడల్లో నడుస్తోంది. ఉద్రేకం మరీ తక్కువైతే పని మందగిస్తుంది, మరీ ఎక్కువైతే చెడిపోతుంది, పని ఎంత సున్నితమైతే తట్టుకోగలిగిన ఉద్రేకం అంత తక్కువ. అందుకే అందరికీ ఒకే మందు కుదరదు. విజయనగరం జిల్లా కొండవెలగాడ లాంటి ఊళ్లలో వెయిట్‌లిఫ్టర్లని చూడండి, బార్ దగ్గరకి వచ్చే ముందు తొడలు చరుచుకుని కేక పెట్టి మరీ వస్తారు, వాళ్లకి ఆ ఊపు కావాలి. అదే ఊపుతో ఎవరైనా విల్లు ఎక్కుపెడితే బాణం ఎటు పోతుందో చెప్పలేం. టోక్యో ఒలింపిక్స్ ఆర్చరీలో ఆటగాళ్ల గుండె వేగాన్ని టీవీ తెర మీద చూపించారు, రాయిలా నిలబడి ఉన్నట్టు కనిపించేవాళ్ల అంకె కూడా పైకి ఎగబాకడం ప్రపంచమంతా చూసింది.

మీకు ఎంత టెన్షన్ సరిపోతుందో మీరే కనిపెట్టాలి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి మ్యాచ్‌కి ముందు టెన్షన్ పదికి ఎంత ఉందో, మ్యాచ్ అయ్యాక ఆట పదికి ఎంత ఉందో రాయండి. కొన్ని నెలలు పోయాక తిరగేస్తే, బాగా ఆడిన రోజుల్లో టెన్షన్ సున్నా ఉండదు. చాలామందికి ఇదే ఆశ్చర్యం.

మరి పెద్ద ఆటగాళ్లకి ఇవన్నీ ఉండవా?

దూరం వెళ్లక్కర్లేదు, మన ఊరివాళ్లనే చూడండి. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో నితీష్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. మిగిలింది సిరాజ్ ఒక్కడే, అతను కమిన్స్ వేసిన మూడు బంతులు ఆడి బతకాలి. అవతలి ఎండ్‌లో నిలబడిన నితీష్ చేతిలో ఏమీ లేదు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ముఖం కెమెరాలో చూశాం కదా, ఆ మూడు బంతులూ విశాఖలో ఎన్ని ఇళ్లల్లో ఊపిరి బిగబట్టి చూశారో. తరవాత బోలాండ్ ఓవర్లో బంతిని ఫోర్ కొట్టి సెంచరీ పూర్తి చేశాడు. తన చేతిలో లేని మూడు బంతుల్ని వదిలేసి, తనకి వచ్చిన బంతిని ఆడాడు.

నాకు అంతకన్నా ఇష్టమైన ఉదాహరణ యర్రాజీ జ్యోతిది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లేన్‌లో చైనా అమ్మాయి గన్ కన్నా ముందే కదిలింది, దాంతో జ్యోతి కూడా కదిలింది. అధికారులు మొదట ఇద్దర్నీ అనర్హులన్నారు. ఒక్కసారి ఆలోచించండి, ఫైనల్, నిండు స్టేడియం, తన తప్పు లేకుండానే రేసు పోయేలా ఉంది. అయినా అక్కడే నిలబడి, రీప్లే చూడమని వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు, జ్యోతి 12.91 సెకన్లలో మూడో స్థానంలో వచ్చింది, తరవాత చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చడంతో రజతం దక్కింది. అప్పటికి ఆమె అత్యుత్తమ సమయం 12.78. అంటే ఆ గొడవ తరవాత ఆమె తన జీవితంలోనే గొప్ప రేసు పరిగెత్తలేదు, కానీ తన స్థాయికి దగ్గరగానే పరిగెత్తింది. టెన్షన్‌ని తట్టుకోవడమంటే ఇదే, ఆ రోజు మీ మామూలు ఆట మీ చేతిలో ఉండడం.

నెట్స్‌లో బాగా ఆడతాను, మ్యాచ్‌లో కాళ్లూ చేతులూ ఆడవు. ఎందుకిలా?

ఎక్కువమంది అడిగేది ఇదే.

ఒక పనిని వేలసార్లు చేశాక అది ఆలోచన అక్కర్లేకుండా జరిగిపోతుంది. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ఎక్కడ వేస్తున్నానా అని చూసుకుంటూ దిగండి, తడబడతారు. ఒత్తిడిలో జరిగేది అదే, ఓడిపోతామేమోనన్న భయంతో బుద్ధి వచ్చి చేతి పనిలో వేలు పెడుతుంది. మోచెయ్యి పైకి ఉందా, మణికట్టు తిరిగిందా అని ఒక్కొక్కటీ చెక్ చేయడం మొదలుపెడుతుంది. అమెరికాలో సియాన్ బైలాక్ అనే సైకాలజిస్టు గోల్ఫ్ ఆడేవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో ఈ సంగతి బాగా బయటపడింది, నేర్చిన చేతికి తన కదలిక మీద అతిగా దృష్టి పెడితే ఆట పాడవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మాత్రం ఆ దృష్టి అవసరమే.

ఆ మధ్య ఒక జిల్లా స్థాయి షటిల్ టోర్నీలో ఒక అమ్మాయిని చూశాను. 19-19 దాకా సర్వీస్ చూసుకోకుండానే వేసింది. అక్కడ ఆగి, అరచెయ్యి నిక్కరుకి రెండుసార్లు తుడుచుకుంది, షటిల్ ఈకల్ని సర్దింది, రాకెట్ పట్టుకున్న వేళ్ల వైపు చూసుకుంది, బొటనవేలు కొంచెం జరిపింది, మళ్లీ వెనక్కి జరిపింది. సర్వీస్ నెట్‌కి తగిలింది. ఆ బొటనవేలుని అంతవరకు ఆమె ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఇలాంటప్పుడు చూపు శరీరం మీద నుంచి తీసి బయట ఒకచోట పెట్టాలి. సర్వీస్ ఎక్కడ పడాలో ఆ గీత, బౌలర్ చేతిలో బంతి కుట్టు, కబడ్డీలో ఎదుటి కార్నర్ డిఫెండర్ మడమ, ఏదో ఒకటి. కొందరికి మనసులో ఒకే మాట అనుకోవడం పని చేస్తుంది, "చూడు, ఆడు" అంతే. పొడుగు సలహాలు మ్యాచ్ మధ్యలో ఎవరికీ ఎక్కవు, అరవకండి కోచ్‌గారూ.

ప్రాక్టీసులో ఒత్తిడి ఎలా తెచ్చుకోవాలి? అక్కడ ఎవరూ చూడరు కదా.

ఎవరో ఒకరు చూసేలా చేయండి. ప్రాక్టీసు చివరి పది నిమిషాలు, అందరూ అలిసిపోయాక, ఒక్కొక్కర్నీ పిలిచి ఆరు బంతుల్లో పన్నెండు పరుగులు కొట్టమనండి, మిగతావాళ్లు చుట్టూ నిలబడి గోల చేయాలి. ఓడినవాడు కిట్ మొయ్యాలి, లేదా అందరికీ చెరుకు రసం తాగించాలి. పందెం చిన్నదే, కానీ గుండె మాత్రం మ్యాచ్‌లో కొట్టుకున్నట్టే కొట్టుకుంటుంది. మీకు అసలు పడని పిచ్ మీద, పడని టైమ్‌లో, ఒక్కోసారి కావాలని తప్పుడు అంపైరింగ్‌తో కూడా ఆడించండి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి, సెలక్షన్స్‌లో ఏడవడం కన్నా నయం.

నా అభిప్రాయం ఏంటంటే, మన కోచింగ్‌లో లోటు ఇక్కడే ఉంది. బ్యాక్‌హ్యాండ్‌కి గంటలు పెడతాం, 19-19 కి పది నిమిషాలు పెట్టం, తీరా ఓడిపోయాక "వాడికి టెంపర్‌మెంట్ లేదండీ" అని తేల్చేస్తాం. అదేదో పుట్టుకతో వచ్చే పుట్టుమచ్చ అయినట్టు.

ఊపిరి వ్యాయామం అంటారు. ఎలా చేయాలి, ఎప్పుడు?

ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. గట్టిగా గబగబా పీలిస్తే తల తిరుగుతుంది, అది కాదు చేయాల్సింది. కబడ్డీ ఆడేవాళ్లకి కూత పుణ్యమా అని ఊపిరి మెల్లగా వదలడం ఎలాగూ వచ్చే ఉంటుంది.

మ్యాచ్ రోజు మొదటిసారి చేస్తే పని చేయదు. రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు చేస్తూ ఉంటే, మ్యాచ్‌లో రెండు మూడు ఊపిర్లు చాలు. ఓవర్ల మధ్య, సర్వీస్‌కి ముందు, పరుగు పందెంలో స్టార్టింగ్ బ్లాక్స్ వెనక నిలబడినప్పుడు. ఆట ఆగని చోట, అంటే ఫుట్‌బాల్ లాంటి వాటిలో, బంతి బయటికి వెళ్లినప్పుడు ఒక్క పొడుగు ఊపిరి వదలండి.

అందరూ "కూల్‌గా ఉండు" అంటారు. అన్నకొద్దీ ఇంకా పెరుగుతోంది.

పెరుగుతుంది మరి. గుండె నూట ముప్పైలో కొట్టుకుంటుంటే చల్లబడమంటే ఎలా చల్లబడుతుంది? హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట పాడే ముందు, నలుగురి ముందు మాట్లాడే ముందు, లెక్కలు చేసే ముందు, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. ఆ ప్రయోగాలు ఆటల మీద కాదు, కానీ కిటుకు ఇక్కడా పనికొస్తుంది. ఉత్సాహానికైనా భయానికైనా గుండె దడ ఒకటే. కాబట్టి "అబ్బా, మొదలైంది" అనకుండా "రెడీగా ఉన్నా" అనుకోండి. మొదట్లో బడాయిగా అనిపిస్తుంది, ఫర్వాలేదు.

ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి పని అయిపోయినట్టేనా?

కాదు. ఒక్క రాత్రి నిద్ర తగ్గితే అంత నష్టం ఉండదు, దాని గురించి పడే బెంగే ఎక్కువ నష్టం చేస్తుంది. వారం మొత్తం బాగా పడుకోండి, ఆ చివరి రాత్రి కళ్లు మూసుకుని పడుకున్నా చాలు. కిట్ బ్యాగ్ సాయంత్రమే సర్దేయండి. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి డ్రా షీట్ చూసి "అయ్యో, మొదటి రౌండే వాడితోనా" అనుకునే పని మాత్రం పెట్టుకోకండి.

మ్యాచ్ ముందు చివరి ప్రాక్టీసు చెత్తగా అయింది. అది శకునమా?

2019 సెప్టెంబర్ చివర్లో రోహిత్ శర్మ విజయనగరంలో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడాడు. టెస్టుల్లో ఓపెనర్‌గా వెళ్లబోతున్నాడని దేశమంతా చూస్తోంది, రెండు బంతులాడి డకౌట్. కొద్ది రోజులకే మన పీఎం పాలెం స్టేడియంలో దక్షిణాఫ్రికా మీద అదే రోహిత్ 176, 127 కొట్టాడు. ఇంకేం చెప్పను.

టిఫిన్ ఏం తినాలి? కాఫీ తాగొచ్చా?

రోజూ తినేదే, మ్యాచ్‌కి రెండు మూడు గంటల ముందు. ఇడ్లీ మంచిది, నూనె కారే పూరీ వద్దు. కాఫీ అలవాటు ఉంటే ఎప్పుడూ తాగే కప్పు తాగండి, టెన్షన్‌గా ఉందని రెండోది తాగితే దడ, చేతి వణుకు ఇంకా పెరుగుతాయి, కెఫీన్ చాలా గంటలు ఒంట్లో ఉంటుంది. ఇంకోటి, విశాఖ ఉక్కపోతలో నీళ్లు తగ్గినా గుండె దడ, కళ్లు తిరగడం వస్తాయి. చాలామంది పిల్లలు దాన్ని భయమనుకుంటారు. ముందు నీళ్లు, కాస్త ఉప్పూ పంచదార కలిపిన మజ్జిగో నిమ్మరసమో తాగి చూడండి.

మ్యాచ్‌కి వెళ్తూ సంపత్ వినాయకుడికి దణ్ణం పెట్టుకోకపోతే, లక్కీ సాక్సు వేసుకోకపోతే ఆడలేను. తప్పా?

ఆశీలుమెట్టలో ఆగి దణ్ణం పెట్టుకోవడం తప్పెలా అవుతుంది, నేనూ ఆగుతాను. సాక్సు ఉతకండి, అది మాత్రం తప్పు. అసలు చూసుకోవాల్సింది ఆ అలవాటు మీ చేతిలో ఉందా లేదా అని. బస్సు లేటై గుడి దగ్గర ఆగడం కుదరకపోతే ఆట పోయిందనుకుంటే ఆ అలవాటు మిమ్మల్ని ఆడిస్తోందని అర్థం. సర్వీస్ ముందు షటిల్‌ని ఒకసారి చూసి, ఒక ఊపిరి వదిలి, టార్గెట్ చూసి వేయడం అనే క్రమం అలా కాదు, అది ఏ ఊళ్లో ఏ కోర్టులోనైనా మీతోనే ఉంటుంది. అలాంటిది ఒకటి తయారు చేసుకోండి, పది సెకన్లు దాటకుండా.

పెనాల్టీ, చివరి ఓవర్, గేమ్ పాయింట్ లాంటి చోట్ల తొందరపడిపోతాను.

నార్వేకి చెందిన గేర్ యోర్డెట్ ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్ల వీడియోలు చూసి తేల్చిందీ అదే. రిఫరీ విజిల్ వేయగానే పరిగెత్తేసిన వాళ్లు ఎక్కువగా మిస్ చేశారు. ఆ బాధ తొందరగా అయిపోతే బావుండన్న తపనతో చేస్తారు. విజిల్ విన్నాక ఒక ఊపిరి వదిలి అప్పుడు కదలండి. ఆ సెకను మీదే, ఎవరూ లాక్కోరు.

వైజాగ్ నేవీ మారథాన్‌లో మొదటిసారి పరిగెడుతున్నాను. ఆర్కే బీచ్‌లో ఆ జనం చూస్తేనే కంగారు.

మొదటి రెండు కిలోమీటర్లు జాగ్రత్త. ఆ మ్యూజిక్, ఆ కేకలు కలిసి మిమ్మల్ని మీ వేగం కన్నా ముందుకి తోసేస్తాయి, ఆ అప్పు తిరుగు దారిలో బీచ్ రోడ్డు ఎత్తుల మీద తీర్చాలి. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో మొదలుపెట్టండి.

మేం అమ్మానాన్నలం. పిల్లాడికి టెన్షన్ తగ్గాలంటే మేమేం చేయాలి?

సగం పని మీ చేతిలోనే ఉంది, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను. నెట్ వెనక నిలబడి "స్ట్రెయిట్ బ్యాట్ రా, స్ట్రెయిట్ బ్యాట్" అనే నాన్న ఉంటే, ఆ పిల్లాడు ప్రతి బంతికీ ముందు బౌలర్‌ని కాదు, నెట్ వెనక్కి చూస్తాడు. నేను ఎన్నోసార్లు చూశాను. మ్యాచ్ పొద్దున "నీకోసం ఎంత ఖర్చు పెట్టామో తెలుసా" అనకండి. నితీష్ కోసం వాళ్ల నాన్న ఉద్యోగం వదిలేశారన్నది నిజమే, గొప్ప సంగతే, కానీ అది మీ పిల్లాడికి పొద్దున ఏడింటికి బండి మీద చెప్పాల్సిన కథ కాదు. వాడికి అందులో త్యాగం వినపడదు, అప్పు వినపడుతుంది.

ఓడిపోయి వచ్చాక బండి మీద ఇంటికెళ్లేదాకా ఆట మాట ఎత్తకండి. ఆకలేస్తోందా అని అడగండి, అంతే. గాజువాక నుంచి వచ్చే ఒకమ్మ నాతో అంది, "ఏటి సర్, ఏమనకపోతే పట్టించుకోలేదనుకుంటాడు కదా." అనుకోడమ్మా. తనంతట తానే మాట్లాడతాడు, అన్నం తిన్నాకో, మర్నాడో. అప్పుడు వినండి. సెలెక్టర్ గురించి, తోటి పిల్లల గురించి ఇంట్లో వాడి ముందు పంచాయితీ పెట్టకండి, "నా చేతిలో ఏమీ లేదు" అనే నమ్మకం పిల్లల్లో అక్కడే మొదలవుతుంది.

వరుసగా ఓడిపోతున్నాం, టీమ్ మొత్తం డీలా పడింది.

2025 అక్టోబర్‌లో మహిళల ప్రపంచకప్‌లో భారత్ ఇక్కడే, మన స్టేడియంలోనే, దక్షిణాఫ్రికా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. తరవాత ఇండోర్‌లో ఇంగ్లండ్ చేతిలో కూడా ఓడింది. నవంబర్ 2న కప్పు మాత్రం వాళ్లదే. మూడు ఓటముల తరవాత కూడా పాయింట్ల టేబుల్‌లో అవకాశం మిగిలి ఉంది, వాళ్లు దాన్నే పట్టుకున్నారు. మీ టీమ్‌లో కూడా వచ్చే మ్యాచ్‌కి మార్చగలిగింది ఒక్కటి ఎంచుకోండి, రనౌట్లో, నోబాల్సో, మిగతాది వదిలేయండి.

టెన్షన్ తగ్గడానికి మాత్ర ఉందటగా?

మీరు విన్నది బహుశా బీటా బ్లాకర్ల గురించి. గుండె జబ్బులకీ, బీపీకీ వాడే మందులవి, చెయ్యి వణుకు తగ్గిస్తాయి. అందుకే షూటింగ్, ఆర్చరీ లాంటి ఆటల్లో వీటిని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్ వాడి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. ఇక ఉబ్బసం ఉన్నవాళ్లకి ఈ మందు ప్రమాదం కూడా. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సరుకు కాదు.

ఇది మామూలు టెన్షన్ కాదు, డాక్టర్‌కి చూపించాలి అని ఎప్పుడు అనుకోవాలి?

ఆట లేని రోజుల్లో కూడా గుండె దడ, ఆయాసం వస్తుంటే, వారాల తరబడి నిద్ర, ఆకలి తగ్గితే, ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న గ్రౌండ్ వైపు వెళ్లడానికే ఏడుపు వస్తుంటే ఆగకండి. ఆడుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా అది టెన్షనేలే అని సర్దుకోవద్దు, ముందు గుండె పరీక్ష చేయించాలి. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియక చాలా పోటీల నుంచి తప్పుకుంది, చాలామంది నోటికొచ్చినట్టు అన్నారు, 2024 పారిస్‌లో తిరిగొచ్చి స్వర్ణాలు గెలిచింది.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పేరు విని జంకేవాళ్లు ఎక్కువ, కానీ ఓపీకి వెళ్లి మాట్లాడడం మోకాలు నొప్పికి వెళ్లినంత మామూలు పని. ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరికైనా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని అనుమానం వస్తే మ్యాచ్, సెలక్షన్స్ అన్నీ పక్కన పెట్టి ఆ రోజే తీసుకెళ్లండి, వాళ్లని ఒంటరిగా వదలకండి.